డిష్‌లో గెలుపు, మెదడు గుమ్మంలో నిలుపు
పసుపు, వేప, అశ్వగంధ... ప్రయోగశాలలో మెదడు క్యాన్సర్ కణాలను చంపుతున్న మొక్కల జాబితా పెరుగుతూనే ఉంది. రోగి పడక దాకా చేరినవి మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

మాజీ క్రికెటర్, కాంగ్రెస్ నేత నవజ్యోత్ సింగ్ సిద్ధూ 2024 నవంబర్‌లో అమృత్‌సర్‌లో విలేకరుల ముందుకు వచ్చినప్పుడు మాట్లాడింది రాజకీయాలు కాదు. నాలుగో దశ రొమ్ము క్యాన్సర్ నుంచి తన భార్య బయటపడ్డారని చెప్పి, ఆ విజయంలో నిమ్మరసం, పచ్చి పసుపు, వేపాకు, తులసి, చక్కెర మానెయ్యడం, ఉపవాసం వంటివి పోషించిన పాత్రను ఏకరువు పెట్టారు. ఆమెకు శస్త్రచికిత్స, కీమోథెరపీ కూడా జరిగాయన్న సంగతి ఆ వీడియోను ఒకరికొకరు పంపుకున్నవారికి పెద్దగా పట్టలేదు. రోజుల వ్యవధిలోనే ముంబైలోని టాటా మెమోరియల్ ఆస్పత్రికి చెందిన 262 మంది ప్రస్తుత, పూర్వ క్యాన్సర్ వైద్యులు సంతకాలు చేసి ఒక ప్రకటన ఇవ్వాల్సి వచ్చింది. నిరూపణ కాని వైద్యాలను నమ్ముకుని చికిత్సను ఆలస్యం చేయొద్దన్నది దాని సారాంశం. ఆ నియమాలను వైద్యులను సంప్రదించే, చికిత్సతోపాటే పాటించామని సిద్ధూ ఆ తర్వాత వివరణ ఇచ్చారు. గొడవ సద్దుమణిగింది.

ఆ ప్రకటనలో అంతగా చర్చకు రాని మాట ఒకటుంది. ఇలాంటి కొన్ని పదార్థాలపై పరిశోధనలు జరుగుతున్న మాట నిజమేనని, వాటిని క్యాన్సర్ మందులుగా వాడమని చెప్పేందుకు రోగులపై జరిగిన అధ్యయనాల ఆధారాలు మాత్రం లేవని వైద్యులు అందులో ఒప్పుకున్నారు. ఇంతకీ ఆ పరిశోధనల్లో తేలుతున్నదేమిటి? ల్యాబ్‌లో క్యాన్సర్ కణాలు చనిపోతున్నాయన్నది నిజమైతే, ఆస్పత్రిలో ఆ మందు ఎందుకు లేదు? ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి మెదడు క్యాన్సర్‌ను మించిన చోటు లేదు. అన్ని క్యాన్సర్లలోకీ మొండిదైన వాటిలో అదొకటి. మందుకు అందకుండా తలుపులు వేసుకుని కూర్చునేదీ అదే.

కాకతాళీయమే అయినా, సిద్ధూ మాట్లాడిన అమృత్‌సర్‌లోనే ఈ కథలో ఒక ముఖ్యమైన ప్రయోగశాల ఉంది. గురునానక్ దేవ్ విశ్వవిద్యాలయంలో గుర్‌చరణ్ కౌర్ బృందం, జపాన్‌లోని సుకుబాలో పనిచేసే రేణు వాధ్వా, సునీల్ కౌల్‌లతో కలిసి అశ్వగంధ ఆకులపై ఏళ్ల తరబడి పనిచేసింది. తెలుగువారు పెన్నేరు అని పిలిచే ఈ మొక్కలో ఆయుర్వేదం ఎక్కువగా వాడేది వేరును. ఈ శాస్త్రవేత్తలు మాత్రం ఆకును ఎంచుకున్నారు. ఆకు సారాన్ని, అందులోని విథాఫెరిన్ ఎ, విథనోన్ అనే రసాయనాలను మెదడు క్యాన్సర్ కణాల మీద ప్రయోగించి 2009లో ఫలితాలు ప్రచురించారు. కణాల పెరుగుదల మందగించింది. వాటి కదలిక తగ్గింది. అంతకన్నా ఆసక్తికరంగా, తక్కువ మోతాదులో కొన్ని కణాలు అదుపు లేని విభజన మానేసి, పరిణతి చెందిన మెదడు కణాల రూపానికి మళ్లాయి. ఆ తర్వాత 2016లో అదే విశ్వవిద్యాలయ బృందం ఎలుకల మెదడులో కణాలు నాటి, పెరిగిన గడ్డలను ఆకు సారం తగ్గించిందని చూపింది.

ఇలాంటి పరిశోధన ఒకటి వెలువడగానే పత్రికల్లో వచ్చే శీర్షికను ఊహించడం కష్టం కాదు. ‘మెదడు క్యాన్సర్‌కు అశ్వగంధ’. ఆ శీర్షికకూ అసలు ప్రయోగానికీ మధ్య దూరం ఎంతో తెలియాలంటే ముందు జబ్బును గురించి కొంత చెప్పుకోవాలి.

మెదడులో నాడీకణాలకు ఆసరాగా ఉండే గ్లియల్ కణాల నుంచి పుట్టే గడ్డలు గ్లియోమాలు. వాటిలో అతి భీకరమైనది గ్లియోబ్లాస్టోమా. ఇది ఉండలా ఒకచోట ఉండదు. వేళ్లూనినట్టు చుట్టుపక్కల కణజాలంలోకి పాకిపోతుంది. శస్త్రచికిత్సలో కనిపించినంతా తీసేసినా కనిపించనిది మిగిలిపోతుంది. దీనికి నేటికీ ప్రామాణికంగా ఉన్న చికిత్స 2005 నాటిది. 573 మంది రోగులపై జరిగిన అధ్యయనంలో, రేడియేషన్‌కు టెమోజోలమైడ్ అనే మాత్రను జోడిస్తే సగటు ఆయుర్దాయం 12.1 నెలల నుంచి 14.6 నెలలకు పెరిగింది. రెండేళ్లు బతికినవారు 10.4 శాతం నుంచి 26.5 శాతానికి చేరారు. పెరిగింది రెండున్నర నెలలే, అయినా వైద్యరంగం దాన్ని పెద్ద విజయంగా చెప్పుకుంది. తర్వాత ఇరవై ఏళ్లలో ఎన్నో కొత్త మందులు వచ్చాయి, పరీక్షల్లో ఓడిపోయాయి. అలాంటి జబ్బు బారిన పడిన కుటుంబం, డాక్టరు ‘సంవత్సరం, సంవత్సరంన్నర’ అని చెప్పిన రాత్రి ఇంటర్నెట్‌లో అశ్వగంధ గురించి వెతికితే తప్పుపట్టేదెవరు?

వారికి దొరికే పరిశోధనా పత్రాల్లో చాలా వాటి తీరు ఒక్కటే. ముందు ఆకునో వేరునో ఎండబెట్టి, పొడి చేసి, ఆల్కహాల్‌లోనో నీటిలోనో సారం తీస్తారు. పుణేలోని జాతీయ కణ విజ్ఞాన కేంద్రం వంటి భాండాగారం నుంచి క్యాన్సర్ కణాలు తెప్పిస్తారు. వాటిని చిన్న చిన్న గుంటలున్న ప్లాస్టిక్ పళ్లెంలో పెంచి, సారాన్ని రకరకాల మోతాదుల్లో పోస్తారు. ఒకటి రెండు రోజుల తర్వాత ఎంటీటీ అనే పసుపు రంగు రసాయనం కలుపుతారు. బతికున్న కణాలు దాన్ని ఊదా రంగులోకి మారుస్తాయి. ఊదా ఎంత తక్కువైతే అన్ని కణాలు పోయినట్టు లెక్క. 1983లో వచ్చిన ఈ పరీక్ష చవక, సులభం. మన దేశంలో పరికరాలు అంతంతమాత్రంగా ఉన్న కళాశాలలో కూడా చేయొచ్చు. చిక్కేమిటంటే మొక్కల సారాల్లోని కొన్ని పదార్థాలు కణాల ప్రమేయం లేకుండానే ఆ రంగును మార్చేయగలవు. ఒక్క ఎంటీటీ లెక్కనే నమ్ముకుంటే చచ్చిన కణాలు బతికున్నట్టు కనిపించే ప్రమాదం ఉంది.

కణాల మాటకొస్తే అదో పెద్ద కథ. ప్రపంచమంతటా మెదడు క్యాన్సర్ ప్రయోగాల్లో ఎక్కువగా వాడే కణాల్లో యూ87ఎంజీ ఒకటి. 1960ల్లో స్వీడన్‌లోని ఉప్సలా విశ్వవిద్యాలయంలో ఒక రోగి గడ్డ నుంచి వేరుచేసినవని అందరూ అనుకుంటూ వచ్చారు. 2016లో అదే ఉప్సలాకు చెందిన బెంగ్ట్ వెస్టర్‌మార్క్ బృందం, భద్రపరిచిన అసలు గడ్డ డీఎన్ఏతో ప్రపంచ భాండాగారాలు పంచుతున్న కణాల డీఎన్ఏను పోల్చింది. రెండూ ఒకటి కావు. పంచుతున్నవి కూడా మెదడు క్యాన్సర్ కణాలే అయ్యుండొచ్చు కానీ ఎవరివో, ఎక్కడివో తెలియదు. అప్పటికి వాటిపై వందలాది పరిశోధనా పత్రాలు వచ్చేశాయి. మన ల్యాబుల్లో తరచుగా కనిపించే మరో రకం సీ6. ఇది మనిషిది కాదు, రసాయనంతో ఎలుకలో పుట్టించిన గడ్డ. ఆ ఎలుకల జాతి ఒకే జన్యు స్వభావం ఉన్నది కాకపోవడంతో, సీ6 కణాలను ఏ ఎలుకలో నాటినా దాని రోగనిరోధక శక్తి వాటిని పరాయివిగా చూసి ఎదుర్కొనే అవకాశం ఉంది. గడ్డ తగ్గితే అది మందు ఘనతా, ఎలుక ఘనతా అన్న సందేహం అక్కడే మొదలవుతుంది. అమృత్‌సర్ ఎలుకల్లో నాటినవి కూడా ఈ సీ6 కణాలే.

అయినా ఇవన్నీ చిన్న చిక్కులే. మంచి ల్యాబులు వీటిని దాటడం నేర్చుకున్నాయి. అసలు గోడ వేరే ఉంది.

19వ శతాబ్దం చివర్లో జర్మన్ శాస్త్రవేత్త పాల్ ఎర్లిక్ జంతువుల రక్తంలోకి రంగులు ఎక్కించి చూశారు. ఒళ్లంతా రంగు పట్టింది, మెదడు తప్ప. ఆయన శిష్యుడు ఎడ్విన్ గోల్డ్‌మన్ 1913లో తిరగేసి చేశారు. మెదడు చుట్టూ ఉండే ద్రవంలోకి రంగు ఎక్కిస్తే మెదడుకే పట్టింది, మిగతా శరీరానికి పట్టలేదు. రక్తానికీ మెదడుకూ మధ్య ఉన్న ఈ కట్టుదిట్టమైన అవరోధం విషాల నుంచి మనల్ని కాపాడేది. రక్తనాళాల గోడల్లోని కణాలు సందు లేకుండా అతుక్కుని ఉంటాయి. ఎలాగో దూరిన రసాయనాన్ని కూడా పట్టుకుని తిరిగి రక్తంలోకి నెట్టే పంపుల్లాంటి ప్రొటీన్లు వాటి మీద ఉంటాయి. గడ్డ మధ్యలో ఈ గోడ కొంత బీటలు వారుతుంది. కానీ రోగిని చివరికి బలిగొనే కణాలు అంచుల్లో, గోడ చెక్కుచెదరని చోట నక్కి ఉంటాయి. టెమోజోలమైడ్ కాస్తయినా పనిచేయడానికి ఒక కారణం ఆ అణువు చిన్నది, గోడ దాటగలదు. అది మొక్క నుంచి వచ్చింది కాదు, రసాయన శాస్త్రజ్ఞులు తయారు చేసింది.

ఈ గోడ ముందు పసుపు పరిస్థితి ఏమిటో కొలిచి చూసినవారున్నారు. పసుపులోని కుర్కుమిన్ మెదడు క్యాన్సర్ కణాలను చంపుతుందని ల్యాబుల్లో ఎన్నోసార్లు తేలింది. అందుకు సాధారణంగా కావలసిన మోతాదు లీటరు ద్రవానికి సుమారు 4 నుంచి 7 మిల్లీగ్రాములు. జర్మనీ వైద్యులు 13 మంది గ్లియోబ్లాస్టోమా రోగులకు ఆపరేషన్‌కు ముందు నాలుగు రోజులపాటు కుర్కుమిన్ ఇచ్చి, తర్వాత బయటికి తీసిన గడ్డలో అది ఎంత చేరిందో కొలిచి 2016లో ప్రచురించారు. ఇచ్చింది వంటింటి పసుపు కాదు, ఒంటికి బాగా పట్టేలా ప్రత్యేకంగా తయారు చేసిన రకం. గడ్డలో సగటున కనిపించింది మిల్లీగ్రాము కణజాలానికి 56 పికోగ్రాములు. కిలో లెక్కన చెప్పుకుంటే 0.056 మిల్లీగ్రాములు. డిష్‌లో కణాలను చంపిన మోతాదులో ఇది దాదాపు నూరో వంతు. కుర్కుమిన్ గడ్డ దాకా చేరగలదని ఆ పరిశోధకులు చూపినమాట నిజం. చేరింది సరిపోదన్నదీ అంతే నిజం.

అసలు కుర్కుమిన్ విషయంలో డిష్ ఫలితాలను కూడా జాగ్రత్తగా చూడాలంటున్నారు రసాయన శాస్త్రజ్ఞులు. అది రకరకాల ప్రొటీన్లకు అంటుకుంటుంది, సొంతంగా వెలుగు చిమ్ముతుంది, నీటిలో త్వరగా విరిగిపోతుంది. దాంతో ఏ పరీక్ష పెట్టినా ‘పనిచేస్తోంది’ అన్న జవాబే వచ్చే ప్రమాదం ఉంది. మిన్నెసోటా విశ్వవిద్యాలయానికి చెందిన క్యాథరిన్ నెల్సన్, మైకేల్ వాల్టర్స్ తదితరులు 2017లో చేసిన సమీక్ష కటువుగానే తేల్చింది. ఏ జబ్బు మీదనైనా సరే 120కి పైగా క్లినికల్ ట్రయల్స్ జరిగినా, ఉత్త మాత్రతో పోల్చి గుట్టుగా జరిపిన పరీక్షల్లో ఒక్కటీ కుర్కుమిన్‌కు విజయం ఇవ్వలేదని చెప్పింది. కుర్కుమిన్‌కు క్యాన్సర్ రంగంలో ప్రపంచ ఖ్యాతి తెచ్చిన అమెరికాలోని ఎండీ ఆండర్సన్ శాస్త్రవేత్త భరత్ అగర్వాల్ పత్రాల్లో పాతికకు పైగా వెనక్కి తీసుకున్నారు. వాటిలోని చిత్రాల విశ్వసనీయతపై ప్రశ్నలు రావడమే కారణం.

ఇక్కడే ఒక విచిత్రం చోటు చేసుకుంటుంది. గాయాలు మాన్పే గుణంపై అమెరికా ఇచ్చిన పసుపు పేటెంట్‌ను సీఎస్ఐఆర్ 1997లో రద్దు చేయించినప్పటి నుంచి పసుపు జాతి గౌరవానికి గుర్తుగా మారింది. నిజామాబాద్ రైతులు ఏళ్లపాటు ఎన్నికల అంశంగా నిలబెట్టిన పసుపు బోర్డు 2025 జనవరిలో వచ్చింది. పంటకు మంచి ధర రావాలన్నది న్యాయమైన కోరిక. కానీ గౌరవం, మార్కెట్, వైద్యం ఒకే మాటలో కలిసిపోయినప్పుడు, గడ్డలో 0.056 మిల్లీగ్రాములే ఉందన్న అంకె వినడానికి ఎవరికీ మనసొప్పదు.

మొక్కల మందుల మీద ఆశే దండగ అనుకుంటే అది ఇంకో పొరపాటు. తెలుగు ఇళ్ల పెరళ్లలో ఎవరూ పట్టించుకోకపోయినా పూసే బిళ్లగన్నేరునే తీసుకుంటే సరి. షుగరు జబ్బుకు దాని ఆకులూ పూలూ నమలడం మన దగ్గరా ఉంది, జమైకాలోనూ ఉంది. 1950ల్లో జమైకా నుంచి వచ్చిన ఆకులను కెనడాలోని వెస్టర్న్ ఆంటారియో విశ్వవిద్యాలయంలో రాబర్ట్ నోబుల్ షుగరు కోసమే పరీక్షించారు. ఎలుకల రక్తంలో చక్కెర తగ్గలేదు. తెల్ల రక్తకణాలు పడిపోయాయి. రక్త క్యాన్సర్‌లో పెచ్చుమీరేవి అవే కదా అన్న ఆలోచన దారి మళ్లించింది. నోబుల్, చార్లెస్ బీర్ 1958లో విన్‌బ్లాస్టిన్‌ను వేరుచేశారు. అదే మొక్క నుంచి ఎలీ లిల్లీ కంపెనీ తీసిన విన్‌క్రిస్టిన్‌కు 1963లో అమెరికాలో అనుమతి వచ్చింది. నేడది పిల్లల రక్త క్యాన్సర్ చికిత్సకు ఆయువుపట్టు. మొక్కలో ఉండేది ఎంత స్వల్పమంటే టన్నుల కొద్దీ ఆకు ఎండబెడితే గ్రాముల్లో మందు వస్తుంది. నాలుగు ఆకులు నమిలితే ఏమీ కాదు. మందుగా ఎక్కించేటప్పుడు మోతాదు కాస్త తప్పినా నరాలు దెబ్బతింటాయి.

విన్‌క్రిస్టిన్ మెదడు గడ్డల చికిత్సలోనూ ఉంది. మరో రెండు మందులతో కలిపి పీసీవీ పేరుతో ఇస్తారు. నెమ్మదిగా పెరిగే గ్లియోమా ఉన్న 251 మందిపై జరిగిన అధ్యయనంలో, రేడియేషన్ తర్వాత పీసీవీ ఇచ్చినవారి సగటు ఆయుర్దాయం 7.8 ఏళ్ల నుంచి 13.3 ఏళ్లకు పెరిగినట్టు 2016లో వెల్లడైంది. గ్లియోబ్లాస్టోమా రోగులకు కలలో కూడా రాని అంకె అది. అయితే ఆ ఘనతలో బిళ్లగన్నేరు వాటా ఎంత? విన్‌క్రిస్టిన్ పెద్ద అణువు, మెదడు గోడ దాటడం కష్టం. పనంతా మిగతా రెండు మందులదేనని, దీన్ని తీసేసినా నష్టం లేదని వాదించే నిపుణులున్నారు.

మందు గోడ దాటకపోతే గోడనే తెరిస్తే? పసిఫిక్ తీరపు యూ చెట్టు బెరడు నుంచి మన్‌రో వాల్, భారత్‌లో పుట్టిన మన్‌సుఖ్ వాణీ 1971లో వెలికితీసిన ప్యాక్లిటాక్సెల్ రొమ్ము, అండాశయ క్యాన్సర్లలో దశాబ్దాలుగా వాడుకలో ఉంది. డిష్‌లో గ్లియోబ్లాస్టోమా కణాలకు అది లీటరుకు 0.01 మిల్లీగ్రాము ఉన్నా చాలు. కానీ మెదడు గోడ మీది పంపులు దాన్ని బయటికి తోసేస్తాయి. షికాగోలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో ఆడమ్ సోనబెండ్ బృందం, గడ్డ తిరగబెట్టిన 17 మంది రోగుల పుర్రెలో ఆపరేషన్ సమయంలోనే ఒక అల్ట్రాసౌండ్ పరికరాన్ని అమర్చింది. రక్తంలోకి సూక్ష్మ బుడగలు ఎక్కించి ధ్వని తరంగాలు పంపితే బుడగలు కంపించి రక్తనాళాల అతుకులు వదులవుతాయి. గంటలోపే గోడ చాలావరకు మళ్లీ మూసుకుంటుంది. ఆ కొద్దిసేపట్లో మెదడులోకి చేరిన ప్యాక్లిటాక్సెల్ దాదాపు నాలుగు రెట్లు పెరిగిందని 2023లో ప్రకటించారు. ఆ మొత్తం కిలోకు 0.12 మిల్లీగ్రాములు. గడ్డలో కుర్కుమిన్ చేరిన స్థాయికి ఇది మరీ దూరమేమీ కాదు. తేడా అల్లా ఒకటి చంపడానికి అంతకన్నా తక్కువ చాలు, రెండోదానికి అలాంటివి నూరు కావాలి. ఇది తొలిదశ పరీక్ష. సురక్షితమా కాదా అన్నదే దాని ప్రధాన ప్రశ్న.

బ్రెజిల్‌లో క్లోవిస్ డా ఫొన్సెకా బృందం పట్టింది అడ్డదారి. నిమ్మగడ్డి, లావెండర్ వంటి సువాసన మొక్కల్లో ఉండే పెరిలిల్ ఆల్కహాల్‌ను మాత్రలుగా మింగిస్తే రోగులు కడుపులో వికారం తట్టుకోలేకపోయారు. దాన్నే ముక్కుతో పీల్పించారు. ముక్కు పైభాగంలోని నరాలు నేరుగా మెదడులోకి వెళతాయి కాబట్టి కొంత మందు గోడతో పని లేకుండానే చేరుతుంది. దాని శుద్ధి చేసిన రూపాన్ని అమెరికాలో 12 మందిపై తొలిదశలో పరీక్షించి 2021లో ఫలితాలు ఇచ్చారు. మందు తట్టుకోగలిగారు, కొందరిలో ఆరు నెలల దాకా గడ్డ పెరగలేదు. పన్నెండు మందిని బట్టి అంతకుమించి చెప్పలేం.

వేపాకులోని నింబోలైడ్ ఇంకా ఈ మెట్లెక్కలేదు. అమెరికాలో సిన్సినాటి పిల్లల ఆస్పత్రి శాస్త్రవేత్తలు అది గ్లియోబ్లాస్టోమా కణాల విభజనను ఎక్కడ ఆపుతోందో 2014లో గుర్తించారు. చిట్టెలుకల్లో గడ్డలు మందగించాయి. హైదరాబాద్‌లోని నైపర్ శాస్త్రవేత్తలు ఇదే రసాయనాన్ని వాపు, కణజాలం గట్టిపడే జబ్బులపై పరిశీలించారు. వేపాకు నమిలితే అది మెదడులోకి చేరుతుందని వీరెవరూ అనలేదు.

‘పనిచేయకపోతే మానె, హాని లేదుగా’ అన్న వాదన కూడా అంత సురక్షితం కాదు. సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు గ్రీన్ టీలోని పదార్థం ఒక క్యాన్సర్ మందుకు బలం చేకూరుస్తుందనుకుని ప్రయోగం చేస్తే, అది ఆ మందునే పట్టి బంధించి పని చేయకుండా చేసింది. 2009లో వచ్చిన ఆ ప్రయోగంలో గ్లియోబ్లాస్టోమా కణాలు కూడా ఉన్నాయి. అశ్వగంధ మాత్రలు వాడినవారిలో కాలేయం దెబ్బతిన్న కేసులను కేరళ వైద్యుడు సిరియక్ ఆబీ ఫిలిప్స్ తదితరులు 2023లో ప్రచురించారు. అదే ఏడాది డెన్మార్క్ అశ్వగంధను నిషేధించింది. కీమోథెరపీలో ఉన్న రోగికి కాలేయం ఎంత అవసరమో చెప్పనక్కర్లేదు. క్యాన్సర్ తగ్గిస్తామని ప్రకటనలు ఇవ్వడం మన దేశంలో 1954 నాటి చట్టం ప్రకారం నేరం. డబ్బా మీద ‘పరిశోధనల్లో తేలింది’ అని మాత్రం రాసుకుంటే ఆ చట్టానికి చిక్కడం అంత తేలిక కాదు.

మొక్క నుంచి వచ్చిన ఒక మందుకు మెదడు క్యాన్సర్‌లో గట్టి పరీక్షే ప్రస్తుతం బ్రిటన్‌లో ఎదురైంది. గంజాయి మొక్కలోని రెండు రసాయనాలతో తయారైన నోటి స్ప్రేను టెమోజోలమైడ్‌కు జోడించి, గ్లియోబ్లాస్టోమా తిరగబెట్టిన 21 మందికి ఇచ్చిచూసిన చిన్న అధ్యయనం 2021లో వెలువడింది. స్ప్రే వాడినవారిలో 83 శాతం, ఉత్త స్ప్రే వాడినవారిలో 44 శాతం మంది ఏడాది తర్వాత బతికున్నారు. సంఖ్య మరీ చిన్నది, అదృష్టం కూడా కావచ్చు. శీర్షికలు పెట్టేవారు అక్కడితో ఆగిపోయేవారే. లీడ్స్ విశ్వవిద్యాలయ వైద్యులు 234 మందిపై మళ్లీ పరీక్ష పెట్టారు. 2023లో మొదలైన ఆ ట్రయల్‌లో ప్రతి ముగ్గురిలో ఇద్దరికి అసలు మందు, ఒకరికి ఉత్తది. తన చేతిలోని సీసాలో ఏముందో రోగికీ తెలియదు, ఇచ్చిన డాక్టరుకూ తెలియదు.